నీళ్ళు పోసినంత మాత్రాన లీకు పోదు

డిసెంబరు, జనవరి నెలల్లో పలాస, టెక్కలి మధ్య జాతీయ రహదారి పక్కన రాత్రి ఆగిన లారీల దగ్గర తెల్లవారుజామున ఒక పని జరుగుతూ ఉంటుంది. క్లీనరు డబ్బాతో నీళ్ళు తెచ్చి రేడియేటరులో పోస్తాడు, మూత బిగిస్తాడు, డ్రైవరు బండి తీస్తాడు. మర్నాడు మళ్ళీ అదే. “రోజూ లీటరు తాగుద్దండి, అంతే” అంటారు, అది ఆ బండి స్వభావమైనట్టు. ఆరోగ్యంగా ఉన్న ఇంజను నీళ్ళు తాగదు. రేడియేటరు, హోస్ పైపులు, వాటర్ పంపు, ఇంజను బ్లాకు కలిసి ఒక మూసిన చుట్టు. అందులో లీటరు తగ్గిందంటే ఆ లీటరు ఎక్కడికో పోయిందన్నమాట. అది ఎక్కడికి పోయిందో వెతకకుండా మరో లీటరు పోస్తే మనం సమస్యను ఒకరోజు వాయిదా వేస్తున్నాం, డబ్బు మాత్రం వాయిదా పడకుండా పెరుగుతూ ఉంటుంది. హోస్ క్లిప్పు ధర దగ్గర ఆగాల్సిన ఖర్చు హెడ్ గ్యాస్కెట్ దాకా, ఆపైన ఇంజను విప్పేదాకా ఇలాగే వెళ్తుంది.

మన తీరంలో నీళ్ళు గడ్డకట్టే చలి లేదు. పలాస చుట్టుపక్కల ఉద్దానంలో జనవరి రాత్రి కూడా చాలా రోజులు 15, 18 డిగ్రీల మధ్యే ఉంటుంది. మరి వేసవంతా బాగా తిరిగిన బండి ధనుర్మాసంలో ఎందుకు కారుతుంది? కారణం గాలి చలి ఒక్కటే కాదు, ఇంజను వేడికీ ఆ చలికీ మధ్య ఉన్న దూరం. పనిలో ఉన్నప్పుడు కూలెంటు 85, 95 డిగ్రీల మధ్య తిరుగుతుంది. తెల్లారేసరికి 16కి దిగుతుంది. హోస్ రబ్బరు ఎక్కువగా కుదించుకుంటుంది, దాన్ని పట్టుకున్న ఉక్కు క్లిప్పు అంత కుదించుకోదు. కొత్త రబ్బరుకు సాగే గుణం ఉంటుంది కాబట్టి ఆ సందును తనే పూడ్చుకుంటుంది. నాలుగైదేళ్ళు వేడిలో ఉడికిన రబ్బరు ఒకసారి నొక్కుకుపోయిన చోట అలాగే ఉండిపోతుంది. వెంట్రుకంత సందు చాలు, రాత్రంతా బొట్టు బొట్టు కారడానికి. ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం జాలీ కలిపి నొక్కిన రేడియేటర్లలో ఆ అతుకు దగ్గరున్న రబ్బరు సీలుకూ ఇదే గతి.

బండి కదిలి అరగంటయ్యేసరికి రబ్బరు వేడెక్కి ఉబ్బుతుంది, సందు మూసుకుంటుంది, కారిన తడి కూడా ఇంజను వేడికి ఆరిపోతుంది. పదకొండు గంటలకు షెడ్డుకు తీసుకెళ్తే మేస్త్రి చుట్టూ చూసి “ఏటి బావూ, ఎక్కడా తడే లేదు గదా” అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, డ్రైవరూ అబద్ధం చెప్పలేదు. చూసిన వేళ తప్పు. చలిలో కారేదాన్ని చలిలోనే పట్టుకోవాలి. లీకు అనుమానం ఉంటే బండిని ముందురోజు రాత్రే షెడ్డులో పెట్టి, “పొద్దున్న స్టార్టు చెయ్యకుండా చూడండి” అని చెప్పి రండి. అంతకంటే మేలు, మీరే చూడటం.

రాత్రి బండి ఆపాక ఇంజను కింద ఒక వెడల్పాటి అట్టపెట్టె ముక్క పరచండి. దాని మీద ముందుచక్రాల వైపు ఏదో ఒక గుర్తు పెట్టండి. తెల్లారి, ఎండ రాకముందు, తాళం తిప్పకముందు టార్చి తీసుకుని చూడండి. మరక ఎక్కడుందో అట్ట చెబుతుంది. అయితే బొట్టు పడిన చోటుకు సూటిగా పైన లీకు ఉండాలన్న నియమం లేదు. ద్రవం పైపు వెంట, చాసిస్ వెంట జారి వెళ్ళి ఎక్కడో పడుతుంది. అందుకని వెతుకులాట పైనుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. తడి మొదలైన అత్యంత ఎత్తైన చోటే అసలు చోటు.

ఇంజనును ముందే కడిగెయ్యకండి. టెక్కలి చుట్టుపక్కల గ్రానైటు క్వారీల్లో తిరిగే టిప్పర్లకు, అక్కడ డ్రిల్లింగుకు గాలి అందించే డీజిల్ కంప్రెసర్లకు ఒళ్ళంతా రాతిపొడి పేరుకుని ఉంటుంది. ఆ పొడే మీకు సాయం చేస్తుంది. పొడి ఎక్కడ ముద్ద కట్టిందో, ఎక్కడ చారలా గట్టిపడిందో అక్కడ చెమ్మ ఉంది. ముందు చూసి, గుర్తుపెట్టి, అప్పుడు కడగాలి. క్వారీ యంత్రాల్లో ఇంకో చిక్కు, అదురు. రేడియేటరు కింద రబ్బరు కుషన్లు అరిగిపోతే ఆ అదురంతా హోస్ మూతుల మీద, టంకం అతుకుల మీద పడుతుంది. అతుకు వేయించి కుషన్లు మార్చకపోతే అతుకు మళ్ళీ విడుతుంది.

కనబడిన ప్రతి తడీ లీకు కాదు. మంచు కురిసిన పొద్దున బండి అంతా తడిసి ఉంటుంది, సైలెన్సరు కొసన నీటిబొట్లు ఉంటాయి, స్టార్టు చేయగానే తెల్లటి ఆవిరి వస్తుంది. ఇంజను వేడెక్కేలోగా ఆ ఆవిరి మాయమైతే భయం లేదు. ఏసీ నుంచి పడేవి ఉత్త నీళ్ళు. ఆరితే మరక కూడా ఉండదు. కూలెంటు వేలికి జారుడుగా తగులుతుంది, రంగుంటుంది, తియ్యటి వాసన వస్తుంది, ఆరాక రంగు చారో తెల్లటి పెచ్చో మిగులుస్తుంది. దాన్ని నాలుక మీద పెట్టి మాత్రం చూడకండి. ఎందుకో చివర్లో చెబుతాను. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 లారీల్లో చాలావాటికి యూరియా ద్రవం ట్యాంకు కూడా ఉంటుంది. అది కారి ఆరినా తెల్లటి స్ఫటికాలే కడుతుంది. ముక్కుకు అమ్మోనియా ఘాటు తగిలితే, స్ఫటికాలు యూరియా పైపు దగ్గరే ఉంటే, అది వేరే లీకు.

ఇక చేత్తో తడమండి, ఇంజను చల్లగా ఉంది కాబట్టి. హోస్‌ను మధ్యలోనూ, రెండు మూతుల దగ్గరా నొక్కండి. మెత్తగా చివికినట్టున్నా, రాయిలా గట్టిపడినా, వంచితే చీలికలు కనబడినా దాని కాలం అయిపోయింది. సముద్రపు గాలికి తీరం బళ్ళలో క్లిప్పులు తొందరగా తుప్పు పడతాయి. స్క్రూ తిరుగుతుంది గానీ పట్టీ బిగుసుకోదు. చలిలో కారుతోందని క్లిప్పును బలమంతా పెట్టి బిగించడం అందరూ చేసే పని. వారం ఆగుతుంది. పట్టీ అంచు రబ్బరును కోస్తుంది, తర్వాత హోసే చిరుగుతుంది. కుదించుకున్నప్పుడూ ఉబ్బినప్పుడూ ఒకే పట్టు ఉండే స్ప్రింగు క్లిప్పులు దొరుకుతాయి. పెద్ద ఇంజన్లకు స్ప్రింగు వాషర్లతో వచ్చేవీ ఉన్నాయి. పాత హోస్ తీసినప్పుడు లోహపు మూతి మీద పేరుకున్న తెల్లటి పెచ్చును సన్నటి ఎమెరీ కాగితంతో శుభ్రం చేశాకే కొత్తది ఎక్కించాలి. ఆ పెచ్చు మీద ఎంత మంచి హోస్ ఎక్కించినా సందు మిగులుతుంది.

రేడియేటరు మూతను చాలామంది ఉత్త బిరడా అనుకుంటారు. నిజానికి అది రెండు కవాటాలున్న పరికరం. దాని మీద 0.9 అనో 13 అనో అంకె ఉంటుంది. లోపల ఎంత ఒత్తిడి నిలపాలో చెప్పే అంకె అది. మొదటిది బార్లలో, రెండోది పీఎస్ఐలో. మామూలుగా 100 డిగ్రీలకు మరిగే నీరు 0.9 బార్ ఒత్తిడి కింద దాదాపు 118 దాకా మరగదు. అంటే లీకున్న చోట నీళ్ళతో పాటు ఈ ఒత్తిడి కూడా పోతుంది. ఒత్తిడి నిలవని ఇంజనులో నీళ్ళు ముందే మరిగి, హెడ్డు దగ్గర ఆవిరి బుడగలు చేరి, గేజి ముల్లు ఎరుపుకు ఎక్కకముందే హెడ్డు వంగొచ్చు. రెండో కవాటం పని ఇంజను చల్లారేటప్పుడు. లోపల ద్రవం కుదించుకుంటుంటే అది తెరుచుకుని పక్క సీసాలోంచి కూలెంటును వెనక్కి లాగాలి. అది బిగుసుకుపోతే పొద్దున్నే పై హోస్ నొక్కుకుపోయి కనిపిస్తుంది. హోస్ బాగాలేదని హోస్ మారుస్తారు, తప్పు మూతది.

ఇక్కడే ఇంకో సంగతి. చలికి తెరుచుకునే సందు ఉంటే చల్లారే ఇంజను సీసాలోంచి కూలెంటుకు బదులు ఆ సందులోంచి గాలి పీలుస్తుంది. సీసా నిండుగానే ఉంటుంది, రేడియేటరు ఖాళీ అవుతూ ఉంటుంది. “సీసాలో మట్టం సరిగ్గానే ఉంది” అని సరిపెట్టుకోకండి. సీసా విడిగా ఉండే బళ్ళలో వారానికోసారి, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీసి చూడాలి. వేడి మీద మూత తీసి ముఖం, చేతులు కాల్చుకునే ప్రమాదం ఉంది. చేతికి వేడి తగులుతుంటే ఇంకా ఆగాల్సిందే.

కంటికి దొరకని లీకుకు ప్రెషరు టెస్టరు కావాలి. మూత స్థానంలో బిగించి చేత్తో కొట్టే చిన్న పంపు అది. చల్లటి ఇంజను మీద, మూత మీద రాసిన అంకె దాకా గాలి కొట్టి, అంతకు మించకుండా, పదిహేను నిమిషాలు ముల్లును గమనించండి. ముల్లు దిగుతూ బయట ఎక్కడో తడి తేలితే చోటు దొరికినట్టే. వాటర్ పంపు కింద చిన్న బెజ్జం ఉంటుంది, దాన్ని తప్పక చూడండి. ఆ బెజ్జం పంపు సీలు పాడైతే తెలియడానికే పెట్టింది. కొద్దిగా మరక ఉండొచ్చు, బొట్లు రాలుతుంటే పంపు మార్చాలి. బెజ్జానికి ఎం సీల్ పూసి మూసేవాళ్ళున్నారు. అలా మూస్తే ఆ నీళ్ళు బేరింగులోకి వెళ్తాయి, బేరింగు పట్టేస్తే బెల్టు తెగుతుంది, కొన్నిటిలో ఫ్యాను రేడియేటరులోకి దూసుకుపోతుంది.

ముల్లు దిగుతోంది, బయట ఎక్కడా తడి లేదు. అప్పుడు లీకు లోపల ఉంది. నీళ్ళు పోసి నడిపే అలవాటు అన్నిటికంటే ఘోరమైన నష్టం చేసేది ఇక్కడే.

తెల్లారి, స్టార్టు చేయకముందు ఆయిల్ గేజీ తీసి చూడండి. ఆయిలు మట్టం పెరిగినా, రంగు పాలు కలిసిన టీలా మారినా కూలెంటు ఆయిల్లో కలుస్తోంది. ఆయిలు పోసే మూత కింద మాత్రమే కొంచెం తెల్లటి మీగడ ఉంటే తొందరపడకండి. చలికాలంలో దగ్గర దగ్గర దూరాలు తిరిగే బళ్ళలో గాలి తేమకే అలా పడుతుంది. అనుమానం తీరాలంటే ఒక పాత పద్ధతి ఉంది. రాత్రంతా కదలకుండా ఉన్న ఇంజనులో నీరు ఆయిలు కిందికి దిగి ఛాంబరు అడుగున చేరుతుంది. పొద్దున డ్రెయిన్ బోల్టును పూర్తిగా తీయకుండా కొద్దిగా వదులు చేస్తే ముందు వచ్చేది నీరే. ఒక చెంచా నీరు వచ్చినా బండి కదల్చకూడదు. ఆ ఆయిలుతో నడిపితే క్రాంకు బేరింగులు పోతాయి.

హెడ్ గ్యాస్కెట్ సంగతి మూత దగ్గర తేలుతుంది. చల్లటి ఇంజను మూత తీసి, అప్పుడు స్టార్టు చేసి, ఒకటి రెండు నిమిషాలు మాత్రం చూడండి. మొదట నాలుగు బుడగలు వస్తే అవి లోపల చిక్కిన గాలి కావచ్చు. ఆగకుండా వస్తూ, రేసు ఇచ్చినప్పుడల్లా పెరుగుతుంటే సిలిండరులోని మంట వాయువు నీళ్ళలోకి వస్తోందని అర్థం. మూత పెట్టి ఉన్నప్పుడు, ఇంజను ఇంకా వేడెక్కకముందే పై హోస్ గట్టిగా బిగుసుకుపోయినా ఇదే మాట. వేడెక్కాక కూడా తెల్లపొగ తగ్గకుండా, తియ్యటి వాసనతో వస్తుంటే గ్యాస్కెట్‌తో పాటు ఈజీఆర్ కూలరును కూడా పరీక్ష చేయించండి. కొత్త డీజిళ్ళలో పొగను చల్లబరిచే ఆ చిన్న భాగంలో చీలిక వస్తే కూలెంటు సైలెన్సరు గుండా ఆవిరైపోతుంది, కింద ఒక్క బొట్టూ పడదు.

రాత్రి కూలెంటు సిలిండరులోకి దిగిందనుకోండి. పిస్టన్ గాలిని నొక్కగలదు, నీటిని నొక్కలేదు. పొద్దున స్టార్టరు ఠక్కున ఆగిపోతే బ్యాటరీ చలికి దిగిందని మరో బ్యాటరీ తగిలించి బలవంతంగా తిప్పడం, బండిని తోయించడం చేస్తుంటారు. కనెక్టింగ్ రాడ్డు వంగేది అప్పుడే. కూలెంటు తగ్గుతున్న బండిలో స్టార్టరు గట్టిగా ఆగిందంటే ముందు ఇంజెక్టర్లు విప్పించండి, లోపల ఏముందో చూడండి.

డీజిలుకే ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది. చాలా లారీ, ట్రాక్టరు ఇంజన్లలో సిలిండరు స్లీవు బయటి గోడ నేరుగా నీళ్ళలో ఉంటుంది. డీజిలు పేలిన ప్రతిసారీ ఆ స్లీవు సన్నగా అదురుతుంది. గోడ వెనక్కి జరిగిన క్షణంలో నీటిలో ఆవిరి బుడగలు పుడతాయి, గోడ ముందుకు రాగానే అవి గోడ మీదే చిట్లుతాయి. ఒక్కో బుడగ దెబ్బ సూదిమొన అంతే. అయితే ఆ దెబ్బలు నిమిషానికి వందల్లో, ఏళ్ళ తరబడి పడతాయి. ఇనుము గుంటలు పడి, చివరికి స్లీవుకు సూది బెజ్జం పడి నీళ్ళు సిలిండరులోకో ఆయిల్లోకో దిగుతాయి. డీజిలు కూలెంటులో కలిపే నైట్రైటు వంటి రక్షక రసాయనాలు స్లీవు మీద ఒక పలుచటి పొర కట్టి, ఆ దెబ్బలను తాము భరిస్తాయి. ఇక్కడ రోజుకో లీటరు లెక్క మళ్ళీ గుర్తు చేసుకోండి. పది లీటర్లు పట్టే ట్రాక్టరులో రోజూ లీటరు కూలెంటు పోయి లీటరు బోరు నీళ్ళు చేరుతుంటే వారం తిరిగేసరికి సగం రక్షణ పోయినట్టే. చిన్న లీకు తనంతట తాను ఇంజనును చంపకపోవచ్చు, కారిన కూలెంటుకు బదులుగా పోసిన నీళ్ళు చంపుతాయి.

తీరం దగ్గర ఉప్పదనం ఉన్న బోరు నీళ్ళయితే మరీ చేటు. ఉప్పు అల్యూమినియంను తింటుంది, సున్నం రేడియేటరు గొట్టాల్లో పేరుకుంటుంది. కలిపి పోసే కూలెంటుకు బ్యాటరీ నీళ్ళే వాడండి, లేదా ముందే కలిపి అమ్మేది కొనండి. రంగు చూసి కలపకండి. ఆకుపచ్చా ఎరుపూ కంపెనీలు తమ ఇష్టం వచ్చినట్టు వేసుకునే రంగులు, లోపలి రసాయనం వేరు కావచ్చు. పడని రకాలు కలిస్తే జిగురు ముద్ద కడుతుంది. బండి పుస్తకంలో రాసిన రకమే ఆధారం. పలాస జీడిపప్పు లోడుతో జనవరిలో ఉత్తరాది కొండలకు వెళ్ళే లారీకైతే సరైన కూలెంటు తప్పనిసరి. ఉత్త నీళ్ళు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బి బ్లాకునే పగలగొడతాయి. సగం గ్లైకాల్, సగం నీరు ఉన్న కూలెంటు మైనస్ 35 డిగ్రీల దాకా కూడా గడ్డకట్టదు.

రేడియేటరులో గుప్పెడు పసుపు పోసి లీకు ఆపే చిట్కా మన రోడ్ల మీద పాతదే. నడిరోడ్డు మీద, దగ్గరలో షెడ్డు లేనప్పుడు అది బండిని ఇంటికి చేర్చవచ్చు. పసుపుకు ఏ బెజ్జం లీకో, ఏ గొట్టం మంచిదో తెలియదు. సన్నటి గొట్టాలన్నిటిలోనూ పేరుకుంటుంది. చలికాలంలో తేడా తెలియదు, ఏప్రిల్‌లో ఇంజను ఉడుకుతుంది. వాడితే వారంలోపు కడిగించండి.

తిరగని యంత్రాలను కూడా మరవకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్ళు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాయి. నీటి ట్యాంకు నిండాలన్నా జనరేటరు తిరగాల్సిందే. మూల పెట్టిన జనరేటరులో కూడా రబ్బరు ముదురుతుంది, మట్టం దిగుతుంది. తుపాను కబురు వచ్చాక మూత తీసి చూస్తే ఆలస్యమే. నెలకోసారి లోడు పెట్టి అరగంట తిప్పి, మర్నాటి పొద్దున కింద చూడాలి.

యజమానులకు ఒక మాట. “నీళ్ళు తగ్గుతున్నాయి” అని చెప్పిన డ్రైవరును “ట్రిప్పు పోద్ది, ముందు వెళ్ళు” అని కసిరితే వచ్చేసారి అతను చెప్పడు. డబ్బా నీళ్ళు పోసుకుని తనపాటికి తాను వెళ్తాడు. అతని తప్పేమీ లేదు, మీరు నేర్పిన పాఠమే అది. క్యాబిన్లో ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. తేదీ, కిలోమీటర్లు, ఎంత పోశారు, అంతే రాయాలి. గత నెల అర లీటరు, ఈ నెల మూడు లీటర్లు అని కళ్ళకు కనిపించినప్పుడు వాదన ఉండదు. రాసి చూపించినవాణ్ణి మెచ్చుకోండి, అదీ పదిమంది ముందు.

చివరగా, తీసిన కూలెంటు సంగతి. ఇది ఉద్దానంలో చదివేవారి కోసం ప్రత్యేకంగా రాస్తున్నాను. కూలెంటులో ఎక్కువగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. తియ్యగా ఉంటుంది, అందుకే కుక్కలు నాకుతాయి, పిల్లలు తాగుతారు. ఒంట్లోకి వెళ్ళాక అది ఆక్జాలిక్ ఆమ్లంగా మారి, మూత్రపిండాల్లో స్ఫటికాలై వాటిని పాడుచేస్తుంది. పెద్దవాళ్ళకైనా ఒక 100 మిల్లీలీటర్లు ప్రాణం తీయగలవు. ఉద్దానం కిడ్నీ జబ్బుకు ఇదే కారణమని నేను అనడం లేదు. ఆ జబ్బుకు కారణం ఇదీ అని పరిశోధకులు ఇంకా తేల్చలేదు. కానీ ఇంటింటా డయాలసిస్ మాట వినిపించే నేల ఇది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రీ పరిశోధన కేంద్రమూ మొదలైంది, అదే రోజున హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చే పథకమూ మొదలైంది. మంచినీటి కోసం ఇంత పోరాడిన చోట, ఇసుక నేలలో, బావి పక్కన ఐదు లీటర్ల కూలెంటు పారబోయడానికి ఎవరికీ చెయ్యి రాకూడదు.

హోస్ విప్పేముందు కింద శుభ్రమైన బేసిను పెట్టండి. పట్టిన ద్రవం తేటగా ఉంటే వడకట్టి అదే బండిలో తిరిగి పోయవచ్చు. మురికిదైతే మూతున్న డబ్బాలో పోసి, వాడిన ఇంజనాయిలుతో కలపకుండా, కంపెనీ సర్వీసు కేంద్రం తీసుకుంటుందేమో అడిగి అప్పగించండి. తాగునీటి సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో ఎప్పుడూ పోయవద్దు. డబ్బా మీద “విషం” అని పెద్దగా రాయండి. ఎవరైనా పొరపాటున తాగితే మొదట మత్తెక్కినట్టు ఉండి, తర్వాత తేరుకున్నట్టే కనిపించవచ్చు. దాన్ని నమ్మి ఇంట్లో ఆగకండి. విరుగుడు మందులున్నాయి, అవి తొందరగా పడాలి. డబ్బాను కూడా వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, ఏం తాగారో డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.